చలికాలం ట్రయాథ్లాన్ సాధన: గంటలు తగ్గాలి, వాట్లు పెరగాలి

విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో మొనోనా సరస్సు జనవరిలో మనుషులు నడిచి తిరిగేంత గట్టిగా గడ్డకడుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి అదే సరస్సులో పొడవాటి ట్రయాథ్లాన్ అయిన ఐరన్‌మ్యాన్ పోటీదారులు 3.8 కి.మీ. ఈది, ఒడ్డుకెక్కి 180 కి.మీ. సైకిల్ తొక్కి, ఆపైన 42.2 కి.మీ. పరుగెత్తుతారు. 2002 నుంచి అక్కడ జరుగుతున్న ఈ పోటీకి సిద్ధమయ్యేవాళ్లకు దూరాల కన్నా క్యాలెండరే పెద్ద చిక్కు. పోటీ కోసమని చేసే ప్రత్యేక సాధన 24 వారాలు అనుకుంటే అది మార్చి చివర్లో మొదలవుతుంది. అంతకు ముందు నాలుగు నెలలూ మంచే. డిసెంబరులో ఏడూ ఇరవై దాటితే గానీ పొద్దు పొడవదు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. ఆఫీసు వేళలు తీసేస్తే వెలుతురన్నది శని, ఆదివారాలకే మిగులుతుంది.

షికాగో, మినియాపొలిస్, డెట్రాయిట్, టొరంటోల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ ఆటలోకి వచ్చిన తెలుగువాళ్లకూ ఇదే పరిస్థితి. చలికాలాన్ని పాడుచేసుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి సైకిల్ గ్యారేజీలో పెట్టి ఏప్రిల్లో దుమ్ము దులపడం ఒకటి. రెండోది పట్టుదల ఎక్కువున్నవాళ్లు చేసేది: ఎండాకాలపు గంటల్ని యథాతథంగా ఇంట్లోకి తెచ్చి, శనివారం నాలుగేసి గంటలు ట్రైనర్ (సైకిల్‌ని ఒకేచోట నిలిపి తొక్కించే యంత్రం) మీద కూర్చోవడం. ఫిబ్రవరిలో వీళ్ల అంకెలు చూస్తే ముచ్చటేస్తుంది. జూన్ వచ్చేసరికి సైకిల్ వైపు చూడబుద్ధి కాదు. రెంటిలో ఇదే ఎక్కువ చేటు. మొదటి బాపతువాళ్లకు కనీసం ఆకలైనా మిగిలి ఉంటుంది.

ఆరేసి గంటలు తొక్కి సంపాదించిన దమ్ము, తొక్కడం ఆపితే కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. దాన్ని సెప్టెంబరు దాకా డబ్బాలో దాచలేం. ఈత తీరు, కండబలం, గంటసేపు నిలబెట్టగలిగే వాట్లు (పెడల్‌కు అందించే శక్తి కొలత) అలా కాదు. ఇవి నెమ్మదిగా వస్తాయి, వచ్చాక కొద్దిపాటి పోషణతో నిలుస్తాయి. కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా వారానికి 7, 8 గంటలు చాలు. అందులో మూడు ఈతలు, మూడు సైకిల్ సెషన్లు, మూడు నాలుగు పొట్టి పరుగులు, రెండు బరువుల సెషన్లు పడతాయి. పొడవాటి సవారీలు రోడ్లు ఆరాక ఎలాగూ వస్తాయి. పైగా మాడిసన్ దారి చదునుగా ఉండదు. వెరోనా, మౌంట్ హోరెబ్, క్రాస్ ప్లెయిన్స్ చుట్టూ పొట్టి, నిటారు ఎక్కుడులు వరసగా తగులుతాయి. వాటి మీద కాళ్లు మండకుండా ఎక్కాలంటే ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలకడగా తొక్కగలిగే గరిష్ఠ శక్తి, ఎక్కువగా ఉండాలి. జనవరిలో పెంచాల్సింది దాన్నే.

ట్రైనర్ మీద

ముందు కొలత. పావుగంట వార్మప్ తర్వాత 20 నిమిషాలు సమానమైన ఊపుతో, చివరికి ఏమీ మిగలకుండా తొక్కి, ఆ సగటును 0.95తో గుణించాలి. సగటు 210 వాట్లు వస్తే ఎఫ్‌టీపీ 200 కింద లెక్క. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మళ్లీ కొలవాలి. బయట తొక్కి తెచ్చుకున్న అంకెను ఇంట్లో వాడటం తొలి పొరపాటు. చాలామందికి ఇంట్లో అంకె 5 నుంచి 10 శాతం తక్కువే వస్తుంది. దానికి కారణం చాలావరకు వేడి, కాస్త సైకిల్ అటూ ఇటూ ఊగకపోవడం.

ఎఫ్‌టీపీ 200 ఉన్న మనిషికి వారంలో ఒకరోజు 230 వాట్ల మీద మూడేసి నిమిషాలు ఐదుసార్లు, మధ్యలో మూడు నిమిషాలు 100 వాట్ల మీద తేలిగ్గా. ఇంకోరోజు 176 నుంచి 184 వాట్ల మధ్య 12 నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. మూడోది 110, 130 వాట్ల మధ్య గంటంపావు తీరిక సవారీ. ట్రైనర్ మీద పల్లాలుండవు, సిగ్నళ్లుండవు, కాళ్లు ఆగే సందే లేదు. అందుకే రోడ్డు మీద గంటన్నరలో అయ్యే పని ఇక్కడ సుమారు గంటా పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఐదో విడతలో వాట్లు నిలబడకపోతే వచ్చేవారం కూడా అవే వాట్లు ఉంచాలి. ఐదూ తేలిగ్గా పూర్తయితే వాట్లు పెంచే ముందు మూడు నిమిషాల్ని నాలుగు చేయడం మేలు.

స్మార్ట్ ట్రైనర్లలో ఎర్గ్ మోడ్ ఉంటుంది. ఎన్ని వాట్లు కావాలో చెబితే, అంత వచ్చేలా భారాన్ని అదే సర్దుతుంది. చిక్కంతా అలసట మొదలయ్యాకే. 230 వాట్ల విడతలో పెడల్ వేగం నిమిషానికి 90 చుట్ల నుంచి 75కు జారిందనుకోండి, వాట్లు పడిపోకుండా యంత్రం బిగిస్తుంది. బిగిస్తే కాలు ఇంకా నెమ్మదిస్తుంది, అది ఇంకా బిగిస్తుంది. అర నిమిషంలో బురదలో ఎడ్లబండి లాగుతున్నట్టు నిమిషానికి 40 చుట్లకు వచ్చి ఆగిపోతారు. దాన్ని మొండిగా లాగి గెలవలేం, మోకాలి చిప్ప నొప్పే మిగులుతుంది. కొన్ని క్షణాలు తొక్కడం ఆపి, భారం వదిలాక తేలికగా వేగం పుంజుకుని మళ్లీ మొదలుపెట్టాలి. విడత మొదలవడానికి ఐదు సెకన్ల ముందే పెడల్ వేగాన్ని 95కు తెచ్చుకుంటే ఈ ఇబ్బంది సగం రాదు.

ఇక వేడి. 200 వాట్లు పెడల్‌కు అందించాలంటే ఒంట్లో 600 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రోడ్డు మీద దాన్ని ఎదురుగాలి లాక్కుపోతుంది. బేస్‌మెంట్లో ఆ గాలి ఉండదు. అరగంట గడిచాక వాట్లు అవే ఉన్నా గుండె వేగం 10, 15 పెరిగిందంటే దమ్ము లేదని అర్థం చేసుకోనక్కర్లేదు, ముందు ఫ్యాను చూడాలి. బల్ల మీది చిన్న ఫ్యాన్లు దీనికి సరిపోవు. నేలమీద పెట్టే పెద్ద ఫ్యాను ఒకటి ముందు నుంచి ఛాతీకి, వీలైతే ఇంకొకటి పక్క నుంచి వీపుకి తగలాలి. గది 15, 16 డిగ్రీల్లో ఉండి మొదటి ఐదు నిమిషాలు వణుకు పుడితే అది సరైన గది.

చెమట ఎంత పోతోందో తూకంతో తేల్చుకోవచ్చు. తొక్కక ముందు 72 కిలోలు, గంట తర్వాత 71.3, మధ్యలో తాగింది 600 మి.లీ. అంటే పోయిన చెమట 1.3 లీటర్లు. బయట మంచు పడుతుంటే దాహం వేయదు కాబట్టి చలికాలంలోనే ఎక్కువమంది ఒళ్లు ఎండబెట్టుకుంటారు. లీటరు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు వేస్తే సుమారు 600 మి.గ్రా. సోడియం అందుతుంది. దిగాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు ఏ ఖరీదైన పొడికీ తీసిపోదు.

ఆ చెమట సైకిల్‌కు చేసే హాని గురించి అంతగా మాట్లాడుకోరు. రోడ్డు మీద చెమట వెనక్కి ఎగిరిపోతుంది. ట్రైనర్ మీద గడ్డం నుంచి తిన్నగా హ్యాండిల్ మీద, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్ బోల్టుల మీద, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మూత మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. హ్యాండిల్‌కి చుట్టిన బార్ టేప్ దాన్ని స్పాంజిలా పీల్చుకుని ఆరనివ్వదు. అల్యూమినియం హ్యాండిల్ అయితే మార్చిలో టేప్ విప్పినప్పుడు కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఆ పొడి గుడ్డతో తుడిచేస్తే అడుగున సూదిమొన లాంటి గుంటలుంటాయి, ముఖ్యంగా బ్రేక్ లివర్ల పట్టీలు బిగించిన చోట. అలాంటి హ్యాండిల్‌ని పారేయాల్సిందే. పల్లంలో 60 కి.మీ. వేగం మీద విరిగేది సరిగ్గా అక్కడే. బోల్టులదీ ఇదే కథ. తుప్పుపట్టి బిగుసుకున్న బోల్టులో ఎలెన్ కీ పెట్టి తిప్పితే గాడి గుండ్రంగా అరిగిపోతుంది, ఇక డ్రిల్ తప్ప దారి లేదు. హ్యాండిల్ మీద మందపాటి తువ్వాలు, సెషన్ అయ్యాక తడిగుడ్డతో తుడుపు, నెలకోసారి స్టెమ్ బోల్టులు ఒక్కొక్కటే విప్పి కాస్త గ్రీజు పూసి, స్టెమ్ మీద రాసివున్న టార్కుకు (బిగింపు కొలతకు) మళ్లీ బిగించడం. పావుగంట పని.

అమర్చేటప్పుడు మూడు చూసుకోవాలి. వెనక చక్రం తీసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ మీద క్యాసెట్ పళ్లచక్రాల సంఖ్య సైకిల్ గేర్లతో కలవాలి. కలిసినా గేర్లు చప్పుడు చేస్తే డీరైలర్ (గేర్లు మార్చే భాగం) దగ్గరి బ్యారెల్ అడ్జస్టర్‌ని పావు తిప్పు చొప్పున సర్దాలి. త్రూ యాక్సిల్ (చక్రాన్ని పట్టే లావుపాటి ఇరుసు) ఉన్న ఫ్రేమ్‌కి దాని కొలత అడాప్టరే వాడాలి, సర్దుబాటుతో బిగిస్తే కార్బన్ ఫ్రేమ్ నలుగుతుంది. మూడోది మట్టం. వెనక ఇరుసు ముందు ఇరుసు కన్నా ఎత్తుగా నిలిస్తే సీటు ముందుకు వాలి మణికట్ల మీద బరువు పడుతుంది. ముందు చక్రం కింద ఎత్తు పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో సీటు వాలు నేలమీద ఉన్నప్పటిలాగే ఉందో లేదో చూడాలి. అపార్ట్‌మెంట్లో పైఅంతస్తువాళ్లు రబ్బరు చాప కింద ఫోమ్ పలకలు కూడా వేసుకోవాలి. కిందివాళ్లను ఇబ్బంది పెట్టేది చప్పుడు కన్నా ప్రకంపన.

మరి బయట తొక్కితే? సున్నా డిగ్రీల దగ్గర గంటకు 30 కి.మీ. వేగంతో పోతే ఒంటికి తగిలే చలి మైనస్ 6తో సమానం. 30 డిగ్రీల వేసవి గాలి కన్నా ఆ గాలి సుమారు 11 శాతం చిక్కన, కాబట్టి అవే వాట్లకు వేగం తగ్గుతుంది, దానికి దిగులు అక్కర్లేదు. 20 డిగ్రీల గదిలో 95 పీఎస్ఐ ఒత్తిడికి గాలి నింపిన టైరు మైనస్ 5లోకి వెళ్తే 86కు దిగుతుంది. వాట్లు కొలిచే పవర్ మీటరును బయట పావుగంట చల్లారనిచ్చి జీరో చేయకపోతే అంకెలు తప్పుతాయి. రోడ్ల మీద చల్లే ఉప్పు చైన్‌ను తినేస్తుంది. ఇన్ని తిప్పలు పడి దక్కేది చల్లబడిన కాలివేళ్లు. పొడిగా, ఎండగా ఉన్న ఆదివారం సరదాకి తప్ప, సాధన కింద దీన్ని లెక్కేయనక్కర్లేదు.

పరుగు మాత్రం బయటే

పరుగు బయటే చేసుకోవచ్చు. మైనస్ 5 డిగ్రీల్లో గంటకు 10 కి.మీ. వేగానికి తగిలే చలి మైనస్ 9 మాత్రమే, సైకిల్ మీద అదే మైనస్ 13. ఉన్న ఉష్ణోగ్రత కన్నా ఏడెనిమిది డిగ్రీలు వెచ్చగా ఉందనుకుని దుస్తులు వేసుకోవాలి. గుమ్మం దాటగానే కాస్త చలేస్తే సరైన కొలత, అప్పుడే హాయిగా ఉంటే రెండో కిలోమీటరుకల్లా తడిసిపోతారు. ఒంటికి తగిలే పొర ఉన్ని గానీ పాలిస్టర్ గానీ అయ్యుండాలి. నూలు బనియన్ చెమట పట్టుకుని ఆరదు, ఆగిన మరుక్షణం వణికిస్తుంది. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజుల కన్నా వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిటెన్లు వెచ్చన. మగవాళ్లు ముందుభాగంలో గాలి ఆపే గుడ్డ ఉన్న లోదుస్తులు వేసుకోవాలి. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, ఎదురుగాలిలో ఒకసారి పరుగెత్తాక ఎవరూ మర్చిపోరు.

మొదటి సగం గాలికి ఎదురుగా, రెండో సగం గాలివాలుగా పరుగెత్తాలి. తిరగేస్తే ఒళ్లు తడిశాక ఎదురుగాలి తగిలి, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో నడవాల్సి వచ్చిందంటే ప్రమాదం. గాలితో కలిపి తగిలే చలి మైనస్ 28కి చేరితే అరగంటలోనే తెరిచి ఉన్న చర్మం గడ్డకట్టే స్థితికి వస్తుంది, ఆ రోజు ట్రెడ్‌మిల్లే గతి. చల్లటి పొడిగాలికి గొంతు పట్టేసి పిల్లికూతలు వచ్చేవాళ్లు నోటికి అడ్డంగా పల్చటి గుడ్డ కట్టుకుని, మొదటి పది నిమిషాలు మరీ నెమ్మదిగా వెళ్లాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఉబ్బసం అక్కడే బయటపడుతుంది.

మంచు మీద వేగం లెక్క చూసుకోవద్దు. అడుగు పొట్టిగా, పాదం నడుము కిందే పడేలా ఉండాలి. బూట్లకు తగిలించే ఇనప ముళ్ల పట్టీలు గడ్డకట్టిన దారికి మంచివే, ఉత్త కాంక్రీటు మీద వాటితో పరుగెత్తితే పిక్కలు పట్టేస్తాయి. వేగపు విడతలన్నీ ట్రెడ్‌మిల్‌కు వదిలేయాలి. దానికి 1 శాతం వాలు పెట్టాలన్న నియమం 1996 నాటి ఒక ప్రయోగం నుంచి వచ్చింది. అది వేగంగా పరుగెత్తేవాళ్లకు వర్తిస్తుంది. కిలోమీటరుకు ఐదు నిమిషాలకు పైన పట్టేవాళ్లకు గాలి నిరోధం అంత తక్కువ కాబట్టి వాలు పెట్టినా పెట్టకున్నా పెద్ద తేడా రాదు. వారానికొక పొడవాటి పరుగు కన్నా నాలుగు అరగంటలు మేలు. ఎముకలు, నరాలు తరచుదనానికే అలవాటు పడతాయి.

ఈతకు ఇదే కాలం

పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవాళ్లకు చలికాలాన్ని మించిన అదను లేదు. వారానికి రెండున్నర గంటల ఈతను 50 నిమిషాల చొప్పున మూడుసార్లు చేయాలి. ఒకేసారి చేస్తే తీరు మారదు. నీళ్ల స్పర్శ నాలుగు రోజులు వదిలితే చేతికి మరుపొస్తుంది. ఊళ్లో బావుల్లో, కాలవల్లో బెండ్లు కట్టుకుని నేర్చుకున్నవాళ్లకు నీళ్ల భయం ఉండదు గానీ తల పైకెత్తి ఈదే అలవాటు గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. తల లేస్తే నడుము మునుగుతుంది, నడుము మునిగితే కాళ్లు లంగరులా వేలాడతాయి. చూపు అడుగున ఉన్న గీత మీద ఉంచి, ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలుగా ఊపిరి వదులుతూ, పక్కకు తిరిగి ఆరు తన్నులకొకసారి చేయి మార్చే డ్రిల్లు ప్రతిసారీ పది నిమిషాలు చేయాలి. తొడల మధ్య పెట్టుకునే పుల్ బాయ్ కాళ్లను తేలుస్తుంది కాబట్టి దాంతో వేగం ఊరికే పెరుగుతుంది. లోపం దిద్దదు, కప్పిపుచ్చుతుంది.

వేగం కొలవడానికి ఒకేరోజు, బాగా విశ్రాంతి ఇచ్చి, 400, 200 దూరాలు గట్టిగా ఈదాలి. 400కు 8 నిమిషాలు, 200కు 3:50 పట్టిందనుకుంటే తేడా 4:10, అందులో సగం 2:05. అది ప్రతి వందకూ నిలబెట్టగల వేగం. అదే వేగంలో వందలు పది, మధ్య పదిహేను సెకన్ల విరామం, వారంలో ఒకరోజు. ఇక్కడో మెలిక ఉంది. అమెరికాలో ఎక్కువ పూల్స్ 25 గజాలవి, అంటే 22.86 మీటర్లు. అలాంటి పూల్‌లో తీసిన ఆ 2:05 వంద గజాలది, వంద మీటర్లకు 2:17 అవుతుంది. గజాల వేగంతో లెక్కేసుకున్నవాళ్లు 3.8 కి.మీ. 79 నిమిషాల్లో తేలుతుందనుకుంటారు, అసలు లెక్క 87 దగ్గర తేలుతుంది. గోడ తన్నే ఊపు సరస్సులో ఉండదు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

కెనడాకు చెందిన ట్రయాథ్లెట్ లయనెల్ శాండర్స్ ఇంట్లో ట్రైనర్, ట్రెడ్‌మిల్ మీదే అత్యధిక భాగం సాధన చేసి 2017లో హవాయిలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. నాలుగ్గోడల మధ్య సైకిలు, పరుగు ఎంతదాకా వెళ్తాయో చెప్పడానికి ఆయన చాలు. ఏళ్ల తరబడి నీళ్లలోంచి నిమిషాల కొద్దీ వెనకబడి బయటికి రావడమూ ఆయన కథలో భాగమే.

బరువుల సెషన్ గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. వారానికి రెండుసార్లు 35 నిమిషాలు: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒంటికాలి మెట్టు ఎక్కుడు, పిక్కలకు మడమ ఎత్తుడు, భుజాలకు రబ్బరు పట్టీ. ఐదారుసార్లకు మించి ఎత్తలేనంత బరువుతో మూడు విడతలు. కష్టమైన సైకిల్ సెషన్ ఉన్నరోజే సాయంత్రం పెట్టుకుంటే మర్నాడు నిజమైన విశ్రాంతి దొరుకుతుంది. మాడిసన్ ఉన్న 43 డిగ్రీల అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండలో నిలబడ్డా చర్మం విటమిన్ డి తయారు చేసుకోలేదు. నల్లటి చర్మానికి, శాకాహారానికి ఇంకా తక్కువ. నవంబరులోనే విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12 పరీక్ష చేయించుకుంటే ఫిబ్రవరి నీరసానికి కారణం వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది.

సంక్రాంతికి ఇంటికి

డిసెంబరు, జనవరిల్లో మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్లిరావడం చాలా ఇళ్లలో ఉన్నదే. ప్రణాళికలో దీనికి చోటివ్వకపోతే తిరిగొచ్చాక పోగొట్టుకున్నదంతా ఒకే వారంలో రాబట్టాలని చూసి పిక్కలు చిట్లించుకుంటారు. వెళ్లేముందు రెండు వారాలు సైకిల్ భారం పెంచి, అక్కడ పరుగు, బరువులు ఉంచుకోవడం తేలిక. గంటలు మూడో వంతుకు తగ్గినా, వారంలో రెండు గట్టి విడతలు వదలకపోతే దమ్ము పెద్దగా పడిపోదు. హైదరాబాద్‌లో ఉంటే 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, సైకిల్ అరువు దొరికితే చాలు. అరిసెలు, బొబ్బట్ల సంగతికొస్తే, నెలరోజుల్లో రెండు కిలోలు పెరగడం జనవరిలో పెద్ద విషయం కాదు. దాన్ని తగ్గించాలని ఫిబ్రవరిలో అన్నం మానేసి 230 వాట్ల విడతలు చేయబోవడమే తప్పు.

ఏప్రిల్లో రోడ్డెక్కేముందు

చైన్ సాగిందా చూసి, బార్ టేప్ మార్చి, బ్రేక్ ప్యాడ్లు తడిమి, టైర్ల పక్కల పగుళ్లు వెతకాలి. మొదటి రెండు వారాలు వాట్ల కన్నా మలుపులు, సీసా అందుకోవడం, ఒంటిచేత్తో తొక్కడం మీద ధ్యాస పెట్టాలి. నాలుగు నెలలు కదలని సైకిల్ మీద ఉన్నవాళ్లు తొలి మలుపులో బిగుసుకుపోతారు. ఏరో బార్ల మీద మోచేతులు ఆనించి వంగి తొక్కేవాళ్లు జనవరి నుంచే తీరిక సవారీలో ఇరవయ్యేసి నిమిషాలు ఆ భంగిమలో గడిపి ఉంటే మెడ సహకరిస్తుంది, లేకపోతే గంటలో పట్టేస్తుంది. ఎఫ్‌టీపీ బయట మళ్లీ కొలవాలి.

చల్లటి నీళ్లలో ఈదడానికి వేసుకునే వెట్‌సూట్‌ను కూడా అప్పుడే తీసి మెడ దగ్గరి, చంకల దగ్గరి కుట్లు లాగి చూడాలి. మే నెలలో సరస్సు నీళ్లు ఇంకా 13, 14 డిగ్రీల్లో ఉంటాయి. ముఖం ముంచగానే ఊపిరి దానంతటదే ఎగపీలుస్తుంది, ఆ క్షణంలో నీళ్లు మింగితే భయం పట్టుకుంటుంది. మొదటి రోజు నడుములోతులో నిలబడి, మెడ దగ్గర సూట్ లాగి కాసిని నీళ్లు లోపలికి పోనిచ్చి, ముఖం ముంచి బుడగలు వదులుతూ రెండు నిమిషాలు ఆగాలి. ఊపిరి కుదుటపడ్డాక ఒడ్డు వెంబడే, తోడుగా ఒక మనిషిని పెట్టుకుని, పది నిమిషాలు ఈదితే ఆ రోజుకి చాలు.